గింజ ఎంత తొందరగా ఎండాలి?

ఢిల్లీకి వానలు జూన్ నెలాఖరుకో జూలై మొదటివారానికో వస్తాయి. ఇండియా గేటు నుంచి రాష్ట్రపతి భవన్ వైపు సాగే దారిలో నేరేడు పళ్ళు రాలేది కూడా ఆ రోజుల్లోనే. మొన్నమొన్నటిదాకా ఆ దారిని రాజ్‌పథ్ అన్నాం, ఇప్పుడు కర్తవ్యపథ్ అంటున్నాం. పేరు ఏదైతేనేం, చెట్లు మాత్రం ఏటా రాలుస్తూనే ఉన్నాయి. ఆంధ్రా భవన్‌లో భోంచేసి, అరుగుదలకి అటు నాలుగడుగులు వేసే తెలుగువాళ్ళ చెప్పులకి ఆ ఊదారంగు బాగా అలవాటే. ఆ పళ్ళలోని గింజ తడిమట్టిలో పడిందా, కొద్దిరోజుల్లోనే మొలక ఎత్తుతుంది. అదే గింజ ఏ చూరు కిందో, రాళ్ళమీదో తడి తగలకుండా కొన్నాళ్ళు ఎండిందంటే ఇక అంతే. తర్వాత బిందెలతో నీళ్ళు పోసినా లేవదు.

అక్కడి నుంచి పడమరగా కొన్ని కిలోమీటర్లు పోతే పూసా వస్తుంది. పూసా అసలు బీహారులోని ఊరు. అక్కడ 1905లో పెట్టిన వ్యవసాయ పరిశోధన సంస్థ 1934 జనవరి భూకంపంలో దెబ్బతింటే, 1936లో దాన్ని ఢిల్లీకి తరలించారు. సంస్థతోపాటు ఊరిపేరు కూడా రైలెక్కి వచ్చేసింది. ఆ ఆవరణలోనే 1976లో మొదలైన నేషనల్ బ్యూరో ఆఫ్ ప్లాంట్ జెనెటిక్ రిసోర్సెస్ ఉంది. పొట్టిగా ఎన్‌బీపీజీఆర్ అంటారు. మన దేశపు జాతీయ జీన్ బ్యాంకు అక్కడిదే. దాన్ని బాగుచేసి 2021 ఆగస్టులో మళ్ళీ ప్రారంభించేనాటికి అందులో సుమారు 4 లక్షల 52 వేల విత్తన నమూనాలు ఉన్నాయి. వరి, జొన్న, కంది, పెసర, నువ్వు, వంగ, బెండ, ఏవి కావాలన్నా ఉంటాయి. అవన్నీ బతికి ఉన్నది ఎండబెట్టబట్టే. రోడ్డు పక్క నేరేడు గింజ చచ్చింది కూడా ఎండబట్టే.

ఎండితే బతికే గింజలూ, ఎండితే చచ్చే గింజలూ ఉన్నాయని పల్లెలో పెరిగినవాళ్ళకి వేరే చెప్పక్కర్లేదు. ఇవాళ నేను మాట్లాడదలచుకున్నది అంతగా పట్టించుకోని ఇంకో సంగతి గురించి. గింజ ఎంత ఎండింది అన్నదే కాదు, ఎంత వేగంగా ఎండింది అన్నది కూడా దాని బతుకుని తేలుస్తుంది. కొన్నిటికి నెమ్మదిగా ఎండడమే ప్రాణం, కొన్నిటికి అదే గండం.

ముందు గింజ లోపల ఏం జరుగుతుందో చూద్దాం. కంకిలో పాలుపోసుకునే దశలో గింజలో సగానికి పైగా నీరే. అక్కడి నుంచి గట్టిపడేలోగా గింజ ఎండడానికి తానే సిద్ధమవుతుంది. కణాల్లో సుక్రోజు, రాఫినోజు వంటి చక్కెరలు పోగవుతాయి. ఎల్ఈఏ ప్రొటీన్లని పిలిచే ఒక జాతి ప్రొటీన్లు తయారవుతాయి. నీరు పోయినప్పుడు కణం పొరలు ఒకదానికొకటి అతుక్కుపోకుండా కాపాడేవి ఇవే. నీరు ఇంకా తగ్గేసరికి కణంలోని రసం ముదురుపాకం ఆరి బిళ్ళకట్టినట్టు గట్టిపడిపోతుంది. శాస్త్రజ్ఞులు దీన్ని గాజు స్థితి అంటారు. ఆ స్థితిలో రసాయన చర్యలు దాదాపుగా నిలిచిపోతాయి. గింజ చావలేదు, అలాగని మనం అనుకునే అర్థంలో బతికీ లేదు. మృతసముద్రం పక్కన మసాదా కోటలో దొరికిన ఖర్జూరపు గింజ ఒకటి దాదాపు 2 వేల ఏళ్ళు ఆ స్థితిలోనే గడిపి, 2005లో నాటితే మొలిచింది.

అటు నిండా తడిగా ఉన్నా ఫరవాలేదు, ఇటు బాగా ఎండినా ఫరవాలేదు. అసలు చిక్కంతా మధ్యలో ఉంది. నిండా తడిగా ఉన్న గింజ తన లోపలి దెబ్బల్ని తానే బాగుచేసుకుంటుంది. బాగా ఎండిన గింజలో దెబ్బతినే పనే ఆగిపోతుంది. సగం తడి, సగం పొడిగా ఉన్న గింజలో మాత్రం మరమ్మతుకి చాలినంత నీరు ఉండదు, చెడిపోవడానికి కావలసినంత ఉంటుంది. శ్వాసక్రియ గతి తప్పుతుంది, కణాన్ని కాల్చేసే ఆక్సిజన్ రూపాలు పుడుతూనే ఉంటాయి, వాటిని అణిచే ఏర్పాటు పడకేస్తుంది. దానికి వేడి కూడా తోడైతే ఇక చెప్పక్కర్లేదు. కాబట్టి గింజ ఆ మధ్య దశలో ఎంతసేపు ఉంది, ఎంత వేడిలో ఉంది అన్నదే అసలు లెక్క. ఎండే వేగం అని మనం అంటున్నది నిజానికి ఈ కాలాన్నే.

ఈ లెక్కని ఢిల్లీ ఏడాదికి రెండుసార్లు కళ్ళకు కట్టిస్తుంది. మే నెలలో లూ అనే వడగాలి వీస్తున్నప్పుడు పగటిపూట గాలిలో తేమ 20 శాతానికి అటూఇటూగా ఉంటుంది. బాల్కనీలో చాపమీద పలచగా పోసిన ఏ గింజైనా అప్పుడు గబగబా ఆరిపోతుంది. ఆగస్టులో అదే బాల్కనీలో, అదే చాపమీద గాలి తేమ 80 దాటుతుంది. ఎన్నాళ్ళు ఉంచినా గింజ ఒక హద్దు దాటి ఎండదు. ఎందుకంటే గింజ తన చుట్టూ ఉన్న గాలితో సమం అయ్యేదాకానే నీటిని వదులుతుంది. 80 శాతం తేమ ఉన్న గాలిలో వడ్లు సుమారు 14 శాతం తేమ దగ్గరే ఆగిపోతాయి. మన విత్తన ధ్రువీకరణ నియమాల ప్రకారం వరి విత్తనంలో తేమ 13 శాతానికి మించకూడదు. గాలి చొరబడని సంచిలో కట్టాలంటే 8 శాతానికి దిగాలి. వానాకాలపు గాలికి ఆరబోసి 8 శాతం తెస్తామంటే కుదిరే పని కాదు. గింజని పంటికింద పెట్టి, కటుక్కుమంటే ఎండిందని మనవాళ్ళు తేల్చేవారు. మోటుగా కనిపించినా అది నమ్మదగిన పరీక్షే. కాకపోతే అది 12 శాతానికీ 8 శాతానికీ తేడా చెప్పలేదు, ఆ తేడాలో ఏళ్ళ ఆయుష్షు ఉంది.

ఎన్ని ఏళ్ళు? జేమ్స్ హారింగ్టన్ అనే అమెరికన్ విత్తన శాస్త్రజ్ఞుడు ఒక మోటు లెక్క చెప్పాడు. గింజలో తేమ ఒక్క శాతం తగ్గితే ఆయుష్షు రెట్టింపవుతుంది. నిలవచేసే చోట వేడి 5 డిగ్రీలు తగ్గితే మళ్ళీ రెట్టింపవుతుంది. తేమ 5 నుంచి 14 శాతం మధ్య ఉన్నంతవరకే ఈ లెక్క చెల్లుతుంది, అదీ ఉజ్జాయింపుగానే. అయినా విత్తనం దాచేవాళ్ళందరికీ ఇప్పటికీ ఇదే ఎక్కాల పుస్తకం.

పూసా జీన్ బ్యాంకులో ఎండబెట్టే గది ఈ లెక్కని పట్టుకునే నడుస్తుంది. అక్కడ వేడి ఉండదు. 15 డిగ్రీల చలి, గాలిలో 15 శాతం తేమ. మే నెల లూ గాలి పొడిదనాన్ని పుష్యమాసపు చలితో కలిపితే ఎలా ఉంటుందో అలా ఉంటుంది ఆ గది. గాలాడే సంచుల్లో గింజలు అక్కడ కొన్ని వారాలు ఉంటాయి. తేమ 3 నుంచి 7 శాతానికి దిగాక అల్యూమినియం రేకు పొర ఉన్న సంచుల్లో పెట్టి, గాలి చొరకుండా అతికించి, సున్నాకి 18 డిగ్రీల దిగువన దాస్తారు. వేడి తగిలిస్తే ఇంకా త్వరగా ఎండుతుంది కదా, ఎందుకు తగిలించరు? తడిగింజకి వేడి తగిలితే ముసలితనం తొందరగా వస్తుందన్న భయం. ఆలస్యమైనా చల్లగా ఎండడమే మేలని ప్రపంచంలోని జీన్ బ్యాంకులన్నీ దశాబ్దాలుగా నమ్ముతూ వచ్చాయి.

ఈ నమ్మకానికి గట్టి కుదుపు ఫిలిప్పీన్స్‌లోని అంతర్జాతీయ వరి పరిశోధన సంస్థ నుంచి వచ్చింది. కేథరిన్ వైట్‌హౌస్, ఫియోనా హే, రిచర్డ్ ఎలిస్ 2015లో ప్రచురించిన పనిలో, కోసిన వెంటనే ఇంకా తడిగా, అంటే 16 శాతానికి పైగా తేమతో ఉన్న వడ్లని రెండు భాగాలు చేశారు. ఒక భాగాన్ని ప్రమాణం ప్రకారం చల్లటి గదిలో ఎండబెట్టారు. రెండో భాగాన్ని ముందు 45 డిగ్రీల వెచ్చటి గాలిలో, రోజుకి కొన్ని గంటల చొప్పున ఆరబెట్టి, తర్వాత చల్లటి గదికి పంపారు. వెచ్చగా మొదలైన వడ్లే ఎక్కువకాలం మొలకశక్తి నిలుపుకున్నాయి. అప్పటికే బాగా ఆరిపోయిన వడ్లకి మాత్రం ఆ వేడివల్ల లాభం లేదు. తడిగా కోసిన గింజ ఇంకా పక్వానికి వస్తూనే ఉంటుంది. తల్లిమొక్క మీద ఉష్ణమండలపు ఎండలో పూర్తికావలసిన పనిని ఆ వెచ్చదనం పూర్తిచేసిందని వాళ్ళ వివరణ. చల్లటి గదిలో పెట్టగానే ఆ పని మధ్యలోనే ఆగిపోతుంది.

నాకు ఇందులో నచ్చింది ఏమిటంటే, కల్లంలో పనలు ఆరబెట్టి, పగలు ఎండకి పరిచి, సాయంత్రం కుప్పచేసి కప్పే మన రైతు పద్ధతికి ఈ ఫలితం దగ్గరగా ఉండడం. పుస్తకంలోని 15 డిగ్రీల గది చల్లటి దేశాల అవసరాల్లోంచి పుట్టింది. దాన్నే అన్ని పంటలకీ, అన్ని దేశాలకీ తొడిగాం. అయితే దీన్ని పట్టుకుని తారురోడ్డు మీద వడ్లు పోసేవాళ్ళకి కితాబు ఇవ్వలేం. 45 డిగ్రీలు వేరు, మధ్యాహ్నం రెండింటికి చెయ్యి ఆనించలేని తారు వేరు. బియ్యంకోసం పోస్తే నూకలవుతాయి, విత్తనంకోసం పోస్తే మొలక పోతుంది.

వేరుశనగ ఇంకా సున్నితం. వనపర్తి, నాగర్‌కర్నూలు వైపు యాసంగి వేరుశనగ పీకేసరికి ఎండలు ముదిరి ఉంటాయి. చేతిలో పని అయిపోవాలని కాయని నేలమీద పలచగా పరిచేస్తే రెండురోజుల్లో గలగలమంటుంది. చూడ్డానికి బాగానే ఉంటుంది. తీరా వానాకాలం విత్తేసరికి సగం గింజ మొలవదు. నూనెగింజ కాబట్టి వేడికి కొవ్వులు త్వరగా చెడతాయి, పలచటి పొట్టు విడిపోతుంది, పప్పుబద్దల మధ్య అంకురం దెబ్బతింటుంది. వేరుశనగ విత్తనానికి చట్టం అడిగే మొలకశాతమే 70, వరికైతే 80. ఇది ఎంత నాజూకు గింజో ఆ అంకెలోనే తెలుస్తుంది. అందుకే యాసంగి పంటకి మొక్కల్ని చిన్నచిన్న కట్టలు కట్టి, మూడు కర్రలు కలిపి నిలబెట్టిన పందిరికి వేలాడదీసి, కాయకి నేరుగా ఎండ తగలకుండా ఆకునీడలో, గాలికి ఆరనివ్వమని శాస్త్రజ్ఞులు చెబుతారు. రోజులు ఎక్కువ పడతాయి. కానీ తర్వాతి పంటదాకా విత్తనం నిలుస్తుంది.

గబగబా ఎండితే చచ్చే గింజలు ఇంకో రకం ఉన్నాయి: ముదరనివి. దీనికి చక్కటి సాక్ష్యం మన ఆముదం. కెనడాలో ఆలిసన్ కెర్మోడ్, డెరెక్ బ్యూలీ అనే ఇద్దరు 1985లో ఆముదపు గింజల మీద చేసిన పని విత్తన శాస్త్రంలో చాలా పేరు పొందింది. పూత వచ్చాక ఇన్ని రోజులకని లెక్కపెట్టి, ఇంకా పూర్తిగా ముదరని గింజల్ని కాయల్లోంచి తీసి ఎండబెట్టి చూశారు. నెమ్మదిగా ఎండనిస్తే లేతగింజలు కూడా తట్టుకుని, తడి తగలగానే మొలిచాయి. అదే లేతగింజల్ని ఒక్కసారిగా ఎండబెడితే తట్టుకోలేకపోయాయి. నెమ్మదిగా నీరు పోతుంటే, ఇక పెరగడం ఆపి ఎండడానికి సిద్ధం కావాలని గింజకి తెలుస్తుంది. చక్కెరలు, ప్రొటీన్లు తయారుచేసుకోవడానికి వ్యవధి దొరుకుతుంది. వ్యవధి ఇవ్వకపోతే సామాను సర్దుకోకుండానే ఇల్లు ఖాళీ అయిపోతుంది. నోయిడాలో, గురుగ్రామ్‌లో మేడమీద బీరపాదు, చిక్కుడుపాదు పెట్టుకున్న శ్రోతలు ఈ ఒక్క సంగతి గుర్తుంచుకోవచ్చు. విత్తనంకోసం ఉంచిన కాయ తీగమీదే ఎండాలి. కోతుల భయంతోనో, ఊరికి ప్రయాణమనో ముందే కోయాల్సివస్తే కాయని చీల్చకండి. తొడిమతో సహా నీడపట్టున వేలాడదీయండి. కాయ గోడ లోపలి గింజని నెమ్మదిగా ఆరనిస్తుంది.

ఇప్పుడు నేరేడు సంగతికి వద్దాం. రీడింగ్ విశ్వవిద్యాలయంలో ఎరిక్ రాబర్ట్స్ 1973లో గింజల్ని రెండు జాతులుగా విడదీశాడు. ఎండబెడితే నిలిచేవి ఆర్థడాక్స్, ఎండితే చచ్చేవి రికాల్సిట్రెంట్. ఈ రెండో జాతిలో మామిడి, పనస, నేరేడు, లిచీ, టీ, కోకో, రబ్బరు, సాల ఉన్నాయి. భూమ్మీద గింజ కాసే మొక్కల్లో ఇలాంటివి సుమారు 8 శాతం ఉంటాయని 2017లో ఒక అంచనా కట్టారు. తడి అడవుల్లో ఆ వాటా ఇంకా ఎక్కువ. వాటికి పండు రాలడానికీ మొలవడానికీ మధ్య విరామమే లేదు. చెట్టు దిగకముందే మొలకెత్తే పనిలో పడతాయి. ఏడాది పొడుగునా నేల తడిగా ఉండే చోట గాజులా మారి ఎదురుచూడాల్సిన అవసరం వాటికి ఎప్పుడూ రాలేదు. పశ్చిమ గోదావరి కొబ్బరితోటల్లో కోకో వేసే రైతుకి ఇది అనుభవమే. కాయ పగలగొట్టిన గింజని వెంటనే సంచిలో నాటేస్తాడు తప్ప ఏడాదికి దాచుకుందామనుకోడు. ఫ్రిజ్‌లో పెడితే కోకో గింజ చలికే చస్తుంది.

ద్వారకలో మా పక్క ఫ్లాట్ పిన్నిగారు నిరుడు నన్ను నిలదీసిన సంగతి ఇక్కడ చెప్పాలి. బాల్కనీలో ఆవిడ గోంగూర గింజలూ, కరివేపాకు చెట్టున రాలిన నల్లటి పళ్ళలోని గింజలూ ఒకే స్టీలుపళ్ళెంలో ఎండబెట్టి దాచారు. గోంగూర గుత్తులుగా మొలిచింది. కరివేపాకు ఒక్కటీ లేవలేదు.

“అదేంటి బాబూ, రెండూ ఒకే పళ్ళెంలో ఎండాయిగా!”

“గోంగూరకి ఎండ కావాలి పిన్నిగారూ, కరివేపాకు గింజకి అదే పడదు. గుజ్జు కడిగేసి, అదే వారంలో నాటేయాలి.”

“ఆ మాట అప్పుడే చెప్పొద్దూ!” అన్నారావిడ. నిజమే, చెప్పి ఉండాల్సింది, అడగందే ఎవరు చెబుతారు?

ఇలాంటి గింజల్ని బ్యాంకులో దాచాలంటే ఎలా? మొదట్లో అందరికీ తోచింది ఒకటే: పాపం ఓర్వలేనివి కదా, మెల్లగా, మృదువుగా ఎండబెడదాం. ఆముదం పాఠం కూడా అదే చెబుతోంది. దక్షిణాఫ్రికాలోని డర్బన్‌లో ప్యాట్రీషియా బెర్జాక్, నార్మన్ ప్యామెంటర్ అనే ఇద్దరు ఏళ్ళతరబడి పనిచేసి దీన్ని తలకిందులు చేశారు. ఈ జాతి గింజకి ఎంత వ్యవధి ఇచ్చినా సర్దుకోవడం చేతకాదు. ఇచ్చిన ప్రతి గంటా ఆ మధ్య దశలో చెడిపోవడానికే ఖర్చవుతుంది. కాబట్టి ఇవ్వకండి. వీలైనంత వేగంగా ఎండబెట్టండి.

పనస గింజంత లావుపాటిదాన్ని వేగంగా ఎండబెట్టడం ఎవరి తరమూ కాదు. పైన ఎండుతుంది, లోపల పులుస్తుంది. అందుకని గింజని కోసి, అందులో మొక్కగా మారే అంకురాన్ని, కొద్ది మిల్లీమీటర్ల ముక్కని మాత్రమే తీసుకుంటారు. డర్బన్ వాళ్ళు వాడిన పరికరం చూస్తే నవ్వొస్తుంది. మూత ఉన్న ఒక డబ్బా, అడుగున సిలికా జెల్ గుళికలు, పైన జల్లెడ, దానిమీద అంకురాలు, గాలి తిప్పడానికి కంప్యూటర్లో ఉండేలాంటి చిన్న ఫ్యాను. అంతే. రోజులు పట్టే పని గంటల్లో, ఒక్కోసారి నిమిషాల్లో అయిపోతుంది. పనస అంకురాల మీద రెండు వేగాలు పోల్చి ఈ బృందం 2001లో ప్రచురించిన ఫలితం స్పష్టంగానే ఉంది. మెల్లగా ఎండినవి ఇంకా చాలా తడి ఉండగానే చచ్చాయి. వేగంగా ఎండినవి అంతకంటే బాగా తక్కువ తేమకి దిగి కూడా బతికాయి.

ఇక్కడో మెలిక ఉంది. వేగంగా ఎండినంత మాత్రాన పనస అంకురం వడ్లగింజ అయిపోదు. అలాగే గదిలో వదిలేస్తే ఎక్కువకాలం బతకదు. వేగం దానికి కొద్దిపాటి గడువు మాత్రమే సంపాదించిపెడుతుంది. ఆ గడువులోనే దాన్ని ద్రవ నైట్రోజన్‌లో, అంటే సున్నాకి 196 డిగ్రీల దిగువన ముంచాలి. ఎక్కువ నీరు ఉండగా ముంచితే మంచు పలుకులు కట్టి కణాల్ని చీల్చేస్తాయి. మరీ ఎండబెడితే ఆ ఎండిపోవడమే చంపేస్తుంది. ఈ రెంటి మధ్య ఉన్న సందు ఇరుకు. వేగంగా ఎండబెట్టడంవల్ల ఆ సందు కాస్త వెడల్పవుతుంది.

పూసాలో ఈ పని 1990ల మొదట్లోనే మొదలైంది. కె.పి.ఎస్. చందేల్, రేఖా చౌధురి, జె. రాధామణి, ఎస్.కె. మాలిక్ కలిసి టీ, కోకో, పనస గింజల మీద చేసిన పరిశోధన 1995లో అనల్స్ ఆఫ్ బాటనీ అనే పత్రికలో వచ్చింది. శుభ్రం చేసిన గింజలోంచి అంకురాన్ని కత్తిమొనతో విడదీయడం, సూక్ష్మజీవులు లేని గాలి పారే బల్లమీద కొద్ది గంటలు ఆరనివ్వడం, చిన్న ప్లాస్టిక్ గొట్టంలో పెట్టి నైట్రోజన్‌లోకి దించడం. తీసేటప్పుడు గోరువెచ్చని నీళ్ళలో గబుక్కున కరిగించి, పోషకాలున్న జెల్ మీద పెట్టి పెంచడం. టీ, పనస అంకురాలు ఆ చలిలోకి వెళ్ళి తిరిగొచ్చి చిగుర్లు వేశాయి. కోకో అంత తేలిగ్గా లొంగలేదు. ఇప్పుడు పూసాలో విత్తనాల గదులకి తోడు, ద్రవ నైట్రోజన్ ట్యాంకుల బ్యాంకు ఇంకొకటి ఉండడానికి కారణం ఈ గింజలే.

మధ్యరకం గింజలు కూడా ఉన్నాయి. కాఫీ గింజ కొంతదాకా ఎండనిస్తుంది, ఆపైన ఒప్పుకోదు, చల్లదనమూ పడదు. 1990లో ఎలిస్, హాంగ్, రాబర్ట్స్ దీనికోసమే మూడో జాతిని కలిపారు. అరకులో కాఫీ నారు పోసేవాళ్ళు కొత్తగింజనే ఎందుకు అడుగుతారో దీన్నిబట్టి తెలుస్తుంది. వేప కూడా ఇంచుమించు ఈ కోవలోదే. ఢిల్లీ వీధుల్లో వేపపండు రాలేది సరిగ్గా వానల్లో. గుజ్జుతో కుప్పపోస్తే రెండురోజుల్లో బూజు పట్టి చస్తుంది, మండుటెండలో పోస్తే ఆ వేడికి చస్తుంది. గుజ్జు కడిగి, నీడలో, గాలికి పలచగా ఆరబెడితే నిలుస్తుంది. సరిగ్గా ఆరిన వేపగింజని ద్రవ నైట్రోజన్‌లో దాచవచ్చని చౌధురి, చందేల్ 1991లోనే చూపించారు.

ఇదంతా చెబుతుంటే విత్తన బంతులు గుర్తొస్తాయి నాకు. మన రెండు తెలుగు రాష్ట్రాల్లోనూ, ఇక్కడ ఢిల్లీ చుట్టుపక్కలా ఏటా వానలకి ముందు స్కూలు పిల్లలూ, మహిళా సంఘాలూ మట్టీ ఎరువూ కలిపి, మధ్యలో గింజపెట్టి బంతులు చేసి, ఎండబెట్టి, కొండలమీద విసురుతారు. ఉత్సాహానికి వంక పెట్టను. కానీ బంతిలో ఏం పెట్టారు అని ఎవరూ అడగరు. రేల గింజ, తుమ్మ గింజ గట్టిపెంకువి, ఎండ వాటినేమీ చేయలేదు, ఏళ్ళు ఆగుతాయి. నేరేడు, పనస, మామిడి బంతిలో పెట్టి నెల్లాళ్ళు ఎండబెట్టామంటే మట్టితో గోరీ కట్టామన్నమాటే. పైగా బంతి మట్టి గింజని మెల్లగా ఎండేలా చేస్తుంది, వాటికి అన్నిటికంటే చెడ్డవేగం అదే. ఫోటోల్లో ఈ తేడా కనపడదు.

మామిడి మాటకొస్తే, మన రసాలూ బంగినపల్లీ గింజగా ఏ బ్యాంకులోనూ లేవు, ఉండవు కూడా. ఉత్తర ధ్రువం దగ్గర స్వాల్‌బార్డ్‌లో 2008లో తెరిచిన ప్రపంచ విత్తన నిధికి మన దేశం కందుల్ని పంపింది, మామిడి టెంకని పంపలేదు. ఆ చలిలో దానికి చోటులేదు. మామిడి బ్యాంకు అంటే తోటే. లక్నో దగ్గరా, మన సంగారెడ్డిలోనూ చెట్లుగానే వాటిని నిలబెట్టి కాపాడుతున్నారు. తోట అంటే తెగులూ, గాలివానా, భూమి ధరా అన్నిటినీ తట్టుకోవాలి.

ఈ వానల రోజుల్లో ఢిల్లీ శ్రోతలు చేయదగిన పని ఒకటి చెప్పి ముగిస్తాను. నేరేడుపళ్ళు తిన్నాక గింజల్ని కడగండి, ఎండబెట్టకండి. తడి ఇసుకలోనో, కొబ్బరిపొట్టులోనో ఉంచి, ఆ వారంలోనే కుండీలో నాటండి. గోంగూర, బెండ, ఆనప విత్తనాలు మే నెలలో ఎండబెట్టి దాచుకున్నవి ఉంటే ఆ సీసాల మూతలు బిగుతుగా ఉన్నాయో లేదో ఇప్పుడే చూసుకోండి. ఈ ముసురు గాలికి అవి పీల్చుకునే ఒక్కో శాతం తేమతో ఆయుష్షు సగానికి సగం పడిపోతుంది. సీసాలో నీలంరంగు సిలికా జెల్ వేసుకునేవాళ్ళు దాన్ని గుడ్డలో మూటకట్టి వేయండి. అది గులాబీరంగుకి తిరిగితే తేమ తాగేసిందని అర్థం. బయటకి తీసి, గింజలకి దూరంగా సన్నని సెగమీద వేడిచేస్తే మళ్ళీ నీలంగా మారుతుంది. పూర్తిగా చల్లారాకే సీసాలో వేయండి.